దేవదానం గారి కోళ్ళూ, కల్లు మడ్డీ

2022. శివరాత్రి వెళ్ళింది, చలి తగ్గింది. మధ్యాహ్నం ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అప్పటికి నేను గుడివాడలో ఒక బ్రాయిలర్ కంపెనీ బ్రాంచిలో వెటర్నరీ డాక్టర్ని. ఇల్లు బందరులో. మొవ్వ నుంచి అవనిగడ్డ దాకా, అవతల సముద్రం వాసన తగిలే ఊళ్ళ దాకా మా కంపెనీ కోళ్ళు పెంచే షెడ్లన్నీ నా కిందే ఉండేవి. పొద్దున్నే స్కూటీ తీసి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి దివిసీమలోకి దిగితే మళ్ళీ ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేవాళ్ళు.

మా పని గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. దీన్ని ఇంటిగ్రేషన్ అంటారు. కోడిపిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, చాకిరీ రైతువి. కోళ్ళు ఎదిగాక కంపెనీయే పట్టుకెళ్ళి, పెంచినందుకు ఇంత అని ఇస్తుంది. ఒక విడత పిల్లల్ని బ్యాచ్ అంటాం. కోళ్ళు కంపెనీవి గనక కంపెనీ ఇచ్చిన మేత తప్ప బయటి గింజ ఒక్కటి వేసినా ఒప్పుకోరు. వేశారని తెలిస్తే తర్వాతి బ్యాచ్ ఆపేస్తారు. ఆ వేసిందాన్ని కనిపెట్టాల్సింది నేనే. అంటే నేను కోళ్ళకి డాక్టర్ని, రైతులకి పోలీసుని.

బ్రాయిలర్ కోడి బాగోగులన్నీ దాని పేగులోనే ఉంటాయి. పేగు బాగుంటే తిన్నది ఒంటికి పడుతుంది. పేగు చెడితే తిన్న మొక్కజొన్న నూక తిన్నట్టే రెట్టలో వచ్చేస్తుంది. దీన్ని ఫీడ్ పాసేజ్ అంటాం. నీళ్ళ రెట్టలకి కింద పరిచిన ఊక తడిసిపోతుంది. అదే వెట్ లిట్టర్. తడిసిన ఊకలోంచి అమోనియా గ్యాసు లేస్తుంది, అందులో కాసేపు నిలబడితే మనిషికైనా కోడికైనా కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారతాయి. ఈ కళ్ళ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు కాబట్టే ఇదంతా రాయాల్సి వచ్చింది.

ఇదివరకు పేగు చెడకుండా మేతలో కొంచెం యాంటీబయాటిక్ కలిపేవాళ్ళు. అది మంచిది కాదని తగ్గించడం మొదలెట్టారు. మరి దాని బదులు ఏం వెయ్యాలి? అప్పుడొచ్చింది ఈస్ట్ పొడి. ఈస్ట్ శిలీంధ్రం, అంటే బూజు జాతిదే. అయితే నిల్వ మేతకి పట్టే బూజు విషం, ఇది మేలు చేసేది. ఈస్ట్ కణం పైపొరని పొడిచేసి మేతలో కలిపితే, పేగు గోడకి అంటుకోవాల్సిన చెడ్డ బాక్టీరియా ఆ పొడికి అంటుకుని రెట్టతో బయటికి పోతుంది. చెప్పడానికి బాగానే ఉంటుంది. మన నీళ్ళలో, మన ఉక్కపోతలో ఎంతవరకు పని చేస్తుందో చూడాలిగా. ట్రయల్ పెట్టమని కంపెనీ నాకు చెప్పింది.

మొదలెట్టే ముందు గుడివాడలో రైతుల మీటింగు పెట్టాం. మైకు చేతికిస్తే నేను ఊరుకునే రకాన్ని కాను. శిలీంధ్రాలూ, కణాలూ అంటే జనం ఆవులిస్తున్నారని, "ఈస్టంటే ఏదో బ్రహ్మపదార్థం కాదండీ. కల్లుకుండ అడుగున తెల్లగా మడ్డి పేరుకుంటుంది చూశారూ? అదే ఈస్టు," అన్నాను. హాలంతా ఒక్కసారి లేచి కూర్చుంది. ముందు వరసలోంచి ఒకాయన, "అయితే కోళ్ళక్కూడా కల్లు పొయ్యమంటారా డాక్టరుగారూ?" అన్నాడు. "పొయ్యండి. మీరు తాగ్గా మిగిలితే గదా!" అన్నాను. ఇక నవ్వులే నవ్వులు. వెనక వరసలో గోడవారగా కూర్చున్న ఒక జంట మాత్రం నవ్వలేదు. ఆయన తల దించుకున్నారు. ఆవిడ నా వంకే చూస్తోంది, పాఠం వింటున్నట్టు.

వాళ్ళే దేవదానం గారు, సువార్తమ్మ. అవనిగడ్డ దాటాక గట్ల మీద తాడిచెట్లు వరసగా ఉండే ఊరు వాళ్ళది. ఆయనకి మా నాన్న వయసుంటుంది. ఒకప్పుడు బాగా తాగేవారట. తాగి కాలవలో పడితే ఊరు ఊరంతా దిగి పైకి లాగిన రోజులున్నాయట. తర్వాత ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి, ఇక ముట్టనని అందరి ముందూ సాక్ష్యం చెప్పి మానేశారు. మానినవాడు మానినట్టే ఉన్నారు. సంఘంలో పెద్దని చేశారు. ప్రభువు బల్ల రోజున, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే రోజున, రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడిచేది ఆయనే. ఇదంతా నాకు చెప్పింది ఆ ఊరి ఇంకో కోళ్ళరైతు సాంబశివరావు గారు. "మా దేవదానం మొండోడండీ. కల్లు మాన్తే మానాడు, మజ్జిగ కూడా పుచ్చుకోడు, పులిసిన వాసనొచ్చుద్దని," అని నవ్వేవారు.

ట్రయల్ అంటే ఒకే రోజు పొదిగిన పిల్లల్ని రెండు షెడ్లలో వేసి, ఒక షెడ్డుకి మందు కలిపిన మేత, ఇంకో షెడ్డుకి కలపని మేత ఇవ్వాలి. కలపనిదాన్ని కంట్రోల్ అంటాం. అది లేకపోతే మందు పని చేసిందో, వాతావరణం కలిసొచ్చిందో తెలియదు. సాంబశివరావు గారి షెడ్డు మందుకి, దేవదానం గారి షెడ్డు కంట్రోలుకి రాసుకున్నాను. ఎందుకలా రాసుకున్నావని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

కొన్నాళ్ళకి కంట్రోల్ షెడ్డులో నీళ్ళ రెట్టలు మొదలయ్యాయి. సువార్తమ్మ షెడ్డు గుమ్మం దాకా వచ్చి, "డాక్టరుగారూ, సాంబశివరావు గారికిచ్చే పొడేదో మాక్కూడా ఇప్పించండి," అంది.

"మీది కంట్రోల్ షెడ్డమ్మా. ఇవ్వకూడదు."

"కంట్రోలంటే?"

చెప్పాను. "అంటే మా కోళ్ళు చెడిపోతేనే మీ మందు మంచిదని తేలుద్దన్నమాట," అంది.

నవ్వేశాను. "భలేవారే! అలా కాదులేమ్మా, మరీ ఎక్కువైతే మందిస్తాను. ఊక తిరగేసి సున్నం చల్లండి, పరదాలు ఎత్తి గాలి ఆడనివ్వండి," అని చెప్పి స్కూటీ ఎక్కాను. ఆవిడన్నది ముమ్మాటికీ నిజమని దారిలోనే అనిపించింది. అనిపించినా వెనక్కి తిప్పలేదు.

తర్వాత వెళ్ళిన రోజు మేత లారీ వచ్చి ఉంది. హమాలీలు బస్తాలు దించుతున్నారు. రెండు షెడ్లకీ తేడా చూపిస్తానని సాంబశివరావు గారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. గుమ్మంలో కాళ్ళు తడుపుకోవడానికి మందునీళ్ళ తొట్టె ఉంటుంది. దానికి ఇవతలే నిలబడ్డాను. లోపల మేత గదిలోంచి గుప్పుమని పుల్లటి కల్లు వాసన. ఎలా మరిచిపోతాను! బందరులో పుట్టి పెరిగినదాన్ని, కల్లు వాసన తెలియదా నాకు?

దేవదానం గారు షెడ్డులోంచి బయటికొచ్చారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తువ్వాలుతో నీళ్ళు తుడుచుకుంటున్నారు. తడి ఊక మీద కాలు జారి కొంచెం తూలారు కూడా. "రండి డాక్టరుగారూ, లోపలికి రండి," అన్నారు.

నాకు తాగి కోళ్ళు పెంచేవాళ్ళంటే ఒళ్ళు మంట. అంతకు ముందు ఏడాది మొవ్వ వైపు ఒకడు తాగి పడుకుంటే, పరదాలు దించేవాళ్ళు లేక చలికి పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయాయి. ఆ గుట్టని ఎత్తి పోయించింది నేనే. అది కళ్ళ ముందు ఆడింది. ఇక నోరు ఆగలేదు.

"మళ్ళీ మొదలెట్టావా?" అన్నాను.

ఆయనకి మొదట అర్థం కాలేదు. "ఏంటమ్మా?"

"ఏంటమ్మా అంటావేంటి? ఇక్కడిదాకా కొడుతోంది వాసన! పొద్దున్నే పట్టించి కోళ్ళలోకి వస్తావా? చర్చిలో పళ్ళేలు పట్టుకుంటావంట, సిగ్గుండక్కర్లా? కంపెనీ కోళ్ళు తాగుబోతు చేతిలో పెట్టడానికి కాదు నేనొచ్చింది!"

నువ్వు అన్నాను. మా నాన్న ఈడు మనిషిని, హమాలీల ముందు. లారీ మీద బస్తా పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు. సాంబశివరావు గారు మాత్రం, "ఊరుకోండి డాక్టరుగారూ, ఊరుకోండి," అంటున్నారు గానీ ఆయన ముఖంలోనూ, ఎప్పటికైనా ఇలాగే అవుతుందనుకున్నాలే అన్న చూపు కనబడింది.

దేవదానం గారు ఒక్కసారి మేత గది వైపు చూశారు. మళ్ళీ నా వైపు తిరిగి తల దించుకున్నారు. "తప్పయిపోయిందమ్మా. ఇంకోసారి జరగదు," అన్నారు. అంతే.

చెప్పొద్దూ, గట్టిగా బుద్ధి చెప్పానని నాకు లోపల గర్వంగానే ఉంది. సాంబశివరావు గారింటి వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ, మనుషుల్ని అదుపులో పెట్టకపోతే ఎలా అని ఆయనకే క్లాసు పీకాను. "తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారు. వీడు కల్లే తాగితే ఇంకేమంటారు?" అన్నారాయన. ఇద్దరం నవ్వుకున్నాం.

బ్యాచ్ ముగిసేముందు గట్ స్కోరింగ్ చెయ్యాలి. రెండు షెడ్లలోంచీ కొన్ని కోళ్ళని తీసి, కోసి, పేగు గోడ ఎంత బిగువుగా ఉంది, ఎక్కడ ఉబ్బింది, లోపల నురుగుందా, నెత్తురు మరకలున్నాయా అని చూసి మార్కులు వెయ్యడమే అది. సాంబశివరావు గారి కోళ్ళు బాగున్నాయి. పేగులు గులాబీ రంగులో బిగువుగా ఉన్నాయి. సరే, మందు పని చేసింది, ఇక కంట్రోల్ చూసి వెళ్ళిపోదాం అనుకుంటూ దేవదానం గారి షెడ్డుకి వెళ్ళాను.

ఆయన లేరు. సువార్తమ్మ ఒక్కతే ఉంది. "మీ ఆయనేరీ?" అంటే, "ఇంట్లో ఉన్నారు. ఆదివారం చర్చికి తప్ప బయటికి రావట్లేదు," అంది నా ముఖం చూడకుండా. కోళ్ళని పట్టిచ్చింది. షెడ్డు వెనక కొబ్బరిచెట్టు నీడలో గోనె పరుచుకుని కూర్చున్నాను. మొదటి కోడిని కోశాను. పేగు చూస్తే కంట్రోల్ షెడ్డు కోడిది కాదు అది. సాంబశివరావు గారి కోళ్ళకి ఏమాత్రం తీసిపోదు. అసలు రెట్ట కూడా గట్టిపడి ఉంది. ఇదేంటబ్బా అనుకుంటూ మెడ కింద మేత నిలవుండే సంచి, మా భాషలో క్రాప్, కత్తితో చీల్చాను.

గుప్పుమంది. అదే వాసన. ఆ రోజు మేత గదిలోంచి వచ్చిన పుల్లటి కల్లు వాసన. మేతతోపాటు తెల్లటి ముద్ద, తవుడుతో కలిసి.

కత్తి చేతిలో అలాగే ఉండిపోయింది. ఒక్క క్షణంలో మొత్తం అర్థమైంది నాకు.

"సువార్తమ్మా, ఏం పెట్టారు వీటికి?"

"కంపెనీ మేతే."

"అమ్మా, కోసిన కోడి నా చేతిలో ఉంది. అబద్ధమాడకండి."

"చెప్తే పిల్లల్ని వెయ్యడం ఆపేస్తారు."

"ఆపనివ్వను. చెప్పండి."

ఆవిడ నా ఎదురుగా నేల మీద కూర్చుంది. వెనక గట్టు మీద తాళ్ళు గీసే నాంచారయ్య దగ్గర కల్లు కుండలు కడిగేముందు అడుగు మడ్డి తెచ్చి, తవుడులో కలిపి, నీడలో ఆరబెట్టి, మేతలో వేసిందట. "మీటింగులో మీరే చెప్పారు గదండీ, అదే ఇదని," అంది. దెప్పుతున్నట్టు కాదు. నేను చెప్పిందే చేశానని నాకు గుర్తుచేస్తున్నట్టు అంది. "ఆయన వద్దన్నారు. ఆ కుండ ఇంటి వైపుకే రానియ్యొద్దన్నారు. కోళ్ళు నీళ్ళ రెట్టలేస్తుంటే చూస్తా ఎట్టా ఊరుకోను? నేనే తెచ్చి మేత గదిలో పెట్టా. ఆయన ఒక్కసారి కూడా ముట్టుకోలేదు డాక్టరుగారూ. ప్రభువు సాక్షి."

"మరి ఆ రోజు... ఆయన కళ్ళు..."

"ఊక తిరగెయ్యమని మీరే చెప్పారుగా. పొద్దుట్నుంచీ తిరగేస్తానే ఉన్నారు."

అమోనియా. పశువైద్యం చదివినదాన్ని. తడి ఊకలో కళ్ళు ఎర్రబడతాయని ఎంతమంది రైతులకి చెప్పానో. నా ఎదురుగా ఆ కళ్ళతో ఒక మనిషి నిలబడితే మాత్రం తాగాడన్నాను. తల కొట్టేసినట్టయింది.

"మరి ఆయనెందుకు చెప్పలేదమ్మా? తాగలేదని ఒక్క మాట అనొచ్చుగా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మీరు అడిగినప్పుడు ఆయన మేత గది వైపు చూశారు. నేను తలుపు వెనకాల ఉన్నా. చెప్పొద్దని తల అడ్డంగా ఊపా. బ్యాచ్ ఆపేస్తారని భయం. ఆయన నా మాట విన్నారు, అంతే. ఇంటికొచ్చాక అన్నారు, తాగినోణ్ణేగా, మళ్ళీ తాగాడనుకుంటారు, పోనీలే అని. హమాలీలు ఊరంతా చెప్పారు. పాస్టరుగారు పిలిచి అడిగితే అక్కడా ఏం మాట్లాడలా. ఈ ఈస్టరుకి బల్లకి రావద్దన్నారు. పళ్ళెం వేరేవాళ్ళకిచ్చారు. అప్పట్నుంచీ అన్నం సరిగ్గా తినట్లా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, ఏడ్చాను కూడా. నెత్తురు చేతులతో కళ్ళు తుడుచుకోలేక అలా కూర్చుండిపోయాను. సువార్తమ్మే చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతుల మీద పోసింది. నేను అన్న మాటలకి ఆవిడ నన్ను నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. నోరా వీపుకి దెబ్బలు తేకే అంటారు. నా నోరు తెచ్చిన దెబ్బలు ఇంకొకరి వీపు మీద పడ్డాయి.

ఇక్కడ వృత్తి సంగతి కూడా తెగేసి చెప్పాలి. దీన్ని చదివి ఎవరూ కోళ్ళకి కల్లు మడ్డి పెట్టొద్దు. పచ్చి మడ్డి ఒక్కరోజులో చెడిపోతుంది. అందులో ఈస్టుతోపాటు ఇంకేముంటాయో, ఎంతెంత ఉంటాయో తెలియదు. మన తేమలో తవుడుకి బూజు పట్టిందంటే షెడ్డు షెడ్డే పోతుంది. ఆ కోళ్ళ పేగు బాగుపడింది మడ్డి వల్లేనని కూడా నేను చెప్పలేను. ఆ దంపతులు ఊక తిరగేశారు, సున్నం చల్లారు, గాలి ఆడనిచ్చారు. వాటివల్లే కావచ్చు. కంట్రోల్ చెడిపోయింది గనక ఆ ట్రయల్ ఇక దేనికీ పనికిరాదు. నాకు ఖాయంగా తెలిసింది ఒక్కటే, దేవదానం గారు తాగలేదు.

గుడివాడ వెళ్ళి మా మేనేజరుకి ఉన్నదున్నట్టు చెప్పాను. మీటింగులో నా జోకు, కంట్రోల్ చెడడం, నేను నోరు పారేసుకోవడం అన్నీ. ఆయన తల పట్టుకున్నాడు. "నీకు మైకిచ్చినప్పుడే అనుకున్నా. బయటి మేత వేశారని తెలిశాక బ్యాచ్ ఎలా ఇస్తామమ్మా?" అన్నాడు.

"వెయ్యమని చెప్పింది నేను సార్. కంపెనీ డాక్టరు మైకులో చెప్పింది రైతు చేస్తే తప్పు రైతుదా? ఆపితే నన్నాపండి."

కాసేపు గింజుకుని ఒప్పుకున్నాడు. నన్ను మాత్రం ట్రయల్స్ పనిలోంచి తప్పించారు. అది న్యాయమే.

దేవదానం గారి పేరు మాత్రం గుడివాడలో బాగుపడేది కాదుగా. నలుగురిలో పోయింది నలుగురిలోనే రావాలి. సువార్తమ్మని అడిగాను, చెప్పమంటారా అని. "పిల్లల్ని ఆపరు గదా?" అని రెండుసార్లు అడిగి, "చెప్పండి," అంది. ఈస్టరుకి ముందు వారం వచ్చే మట్టల ఆదివారం నాడు వాళ్ళ చర్చికి వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళినదాన్ని కాదు. చెప్పులు ఎక్కడ విప్పాలో, ఎటు కూర్చోవాలో తెలియలేదు. పిల్లలు మట్టలు పట్టుకుని పాడుతూ లోపలికి వచ్చారు. నేను ఆడవాళ్ళ వైపు చాప మీద సువార్తమ్మ పక్కన కూర్చున్నాను. పాస్టరుగారికి ముందే చెప్పి ఉంచాను గనక, సాక్ష్యాలు చెప్పే వేళకి నా వైపు చూసి తల ఊపారు.

లేచాను. మైకంటే భయం ఎరగనిదాన్ని, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. "నేను కోళ్ళ డాక్టర్ని," అన్నాను. ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. "దేవదానం గారు తాగారని అందరి ముందూ తిట్టింది నేను. ఆయన తాగలేదు. కల్లు మడ్డి తిన్నది ఆయన కోళ్ళు. అది మంచిదని మీటింగులో వాగింది కూడా నేనే. ఆయన కళ్ళు ఎర్రబడింది కోళ్ళ షెడ్డులో గ్యాసు వల్ల. అది తెలిసి ఉండి కూడా తాగుబోతన్నాను. తప్పు నాది. ఆయనకి నా వల్ల పోయిన గౌరవం మీరు తిరిగి ఇవ్వాలని అడగడానికొచ్చాను."

వెనక నుంచి ఒక ముసలావిడ, "కోళ్ళు తాగినియ్యా? ఓరి నాయనో!" అంది. ఒక్కసారిగా నవ్వులు. ఆ నవ్వుల్లో ఎవరో గుమ్మం బయటికి వెళ్ళి, మెట్ల మీద కూర్చున్న దేవదానం గారిని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చారు. ఆ రోజుల్లో ఆయన చర్చి లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చుని ప్రసంగం వినేవారట. పాస్టరుగారు ఎదురెళ్ళి కౌగిలించుకున్నారు. "ఈస్టరుకి పళ్ళెం మీదే పెద్దాయనా," అన్నారు. సువార్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను.

బయట చెప్పులేసుకుంటుంటే దేవదానం గారు వచ్చారు. "వందనాలమ్మా," అన్నారు. నన్ను క్షమించండని చేతులు జోడించాను.

"క్షమించకపోవడమేంటమ్మా. ఇంత దూరం వచ్చి, అందరి ముందూ చెప్పారు. ఎవరు చెప్తారు? ఒక్క సంగతి అడుగుతాను, ఏమీ అనుకోరు గదా?"

"అడగండి."

"మీరు డాక్టరు గదమ్మా. చచ్చిన కోడినైనా చేతిలోకి తీసుకుంటారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. చూడందే ఏ జబ్బో చెప్పరు. ఆ రోజు నా దగ్గరికి ఒక్క అడుగు వేసి ఉంటే, నా నోట్లో కల్లు వాసన లేదని మీకే తెలిసిపోయేది. లోపలికి రమ్మని పిలిచాను గూడా. ఎందుకు రాలేదమ్మా?"

బయోసెక్యూరిటీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక షెడ్డు జబ్బు ఇంకో షెడ్డుకి మొయ్యకూడదని డాక్టర్లు గుమ్మంలో ఆగే పద్ధతి అది. ఆ ఊళ్ళో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ఆ గుమ్మంలో నేను చెప్పే మాట అదే. సాంబశివరావు గారి షెడ్డులోకి ఎప్పుడూ నేరుగా వెళ్ళేదాన్ని. ఆయన మేత గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఆ పద్ధతి నాకు ఆ ఊళ్ళో ఒక్క గుమ్మం ముందే గుర్తొచ్చేది. కులం పట్టింపు నాకు లేదని నేను ఎక్కడైనా, ఎవరితోనైనా ధైర్యంగా చెప్పుకునేదాన్ని. అప్పటిదాకా నేనూ నమ్మాను.

వంగి, అప్పటికే వేసుకున్న చెప్పు మళ్ళీ సర్దుకున్నాను. ఆయన అది చూసి, "ఎండెక్కుతోందమ్మా, జాగ్రత్తగా వెళ్ళండి," అన్నారు.

ఇప్పుడు కొత్తగా చేరే డాక్టర్లు నాతో షెడ్లు తిరగడానికి వస్తుంటారు. ఈస్టు గురించీ, పేగుల గురించీ అడుగుతారు, తెలిసింది చెప్తాను. గుమ్మంలో ఆగితే అన్ని గుమ్మాల్లోనూ ఆగండి, వెళ్తే అన్నిట్లోకీ వెళ్ళండి, మనిషిని దగ్గరికెళ్ళి చూడకుండా ఏ మాటా అనకండి అని కూడా చెప్తాను. ఎందుకు చెప్తున్నానో వాళ్ళు అడగరు. దేవదానం గారి షెడ్డుకి ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాను. లోపలికే వెళ్ళాను. ఆయన అడిగినదానికి జవాబు మాత్రం ఈ రోజు వరకూ ఇవ్వలేదు. జవాబు తెలియక కాదు. ఆయనకీ తెలుసని నాకు తెలుసు గనక.